కానుగ గింజయు విమానపు చమురును

గింజల నూనెతో విమానములు నడచునను మాట గ్రామములయందు వినబడుచున్నది. వరి మాని అట్టి చెట్లు నాటవచ్చునా యని కొడవలూరు ప్రాంతపు రైతులు కొందరు మమ్ము ప్రశ్నించుచున్నారు. కావున ఈ విషయమును విశదముగా వ్రాయుచున్నాము.

మాట నిజమే. 2018 ఆగస్టు 27వ తేదీని స్పైస్‌జెట్ విమాన మొకటి డెహ్రాడూన్ నుండి ఢిల్లీకి ఇట్టి చమురుతో ఎగిరినది. ఛత్తీస్‌గఢ్ రైతుల అడవియాముదపు గింజల నుండి డెహ్రాడూన్‌లోని భారత పెట్రోలియం సంస్థవారు దానిని తయారుచేసిరి. నాలుగుపాళ్ళలో ఒక పాలు ఈ చమురు, తక్కిన మూడు పాళ్ళు మామూలు విమానపు చమురు.

అయినను, గానుగనుండి దిగిన నూనె యట్లే విమానమునకు పనికిరాదు. ఆకాశమందలి చలికి అది గడ్డకట్టును. నూనెను ఉదజని వాయువుతో గొప్ప ఒత్తిడియందు వేడిచేసి, అందలి ప్రాణవాయువును తొలగించి, పొడవైన అణువులను చిన్నవిగా విరువవలెను. ఇది పెద్ద కర్మాగారమునకే సాధ్యము. రైతు అమ్మగలది గింజయో నూనెయో మాత్రమే.

ధరయే అసలు ప్రశ్న. 2009వ సంవత్సరపు జాతీయ విధానము 2017 నాటికి నూటికి 20 పాళ్ళు జీవ ఇంధనము కలుపవలెనని కోరెను. డీజిలు విషయమున అది నెరవేరలేదు. బీడునేలల నాటిన అడవియాముదము తలచినంత కాయలేదు. ఇప్పుడు 2027లో నూటికి 1 పాలు, 2028లో 2 పాళ్ళు అంతర్జాతీయ విమానములలో కలుపవలెనని కేంద్ర ప్రభుత్వము నిశ్చయించినది. కాని 2025లో ధ్రువపత్రము పొందిన పానిపట్టు ఇండియన్ ఆయిల్ కర్మాగారమునకు ముడిసరుకు వాడిన వంటనూనె. మన గింజ కాదు.

కానుగ మనకు క్రొత్తది కాదు. దాని రొట్టను మన పెద్దలు వరిమళ్ళలో త్రొక్కించిరి. ఆదిలాబాదు ప్రాంతపు పవర్‌గూడ గ్రామ స్త్రీలు కానుగ నూనెను డీజిలుకు బదులు వాడుటచే కలుగు 147 టన్నుల కర్బనపు తగ్గింపును 2003లో ప్రపంచబ్యాంకునకు 645 డాలర్లకు అమ్మిరి. నూరు కిలోల గింజకు సుమారు 25 కిలోల నూనె దిగును. మిగిలిన పిండి పొలమునకు మంచి యెరువు. పశువులకు మాత్రము పెట్టరాదు.

కావున మా సలహా యిది. వరిపొలమును విడువవలదు. పైరుపై నీడ పడని గట్లయందును, బీళ్ళయందును కానుగ నాటుడు. కాపునకు అయిదారేండ్లు పట్టును. కొనువాడు ధరను వ్రాతమూలకముగా నీయనిదే మొక్కలకై బయానా చెల్లింపవలదు. ఒక్కొక్కరి బస్తాకు బేరము లేదు; సంఘముద్వారా ప్రోగుచేసిన బండ్ల గింజకు కలదు. సభ్యులు తమ గట్లపై ఇప్పుడు కాయుచున్న చెట్ల లెక్కను సంఘ కార్యదర్శికి తెలుపుదురుగాక.