మేఘాల అడవిలో గైడు ఎందుకు?

మధ్య అమెరికాలోని కోస్టారికాలో మాంటెవెర్దే కొండలున్నాయి. కరీబియన్ సముద్రం మీదుగా వచ్చే తేమగాలి ఈ కొండలు ఎక్కుతూ చల్లబడి మేఘమవుతుంది. ఆ మేఘం చెట్ల మధ్యనుంచే సాగిపోతుంది. వాన పడకపోయినా ఆకులూ, కొమ్మల మీది నాచూ ఆ తేమను పట్టుకుంటాయి. అది బొట్లు బొట్లుగా నేలకు రాలుతుంది.

ఒకప్పుడు ఈ చుట్టుపక్కల పశువుల మేత కోసం చాలా అడవి నరికేశారు. 1987లో స్వీడన్‌లోని ఓ చిన్న బడి పిల్లలు ఆ సంగతి విని, డబ్బు పోగుచేసి అడవి భూమి కొనిపించారు. మీ ఈడు వాళ్లే! తర్వాత ఎన్నో దేశాల పిల్లలు చేయి కలిపారు. ఆ ‘పిల్లల శాశ్వత అడవి’ ఇప్పుడు 22,000 హెక్టార్లు దాటింది.

మేత నేలలో అడవి మళ్లీ ఎలా మొలుస్తుంది? మనుషులు మొక్కలు నాటుతారు. గాలి, గబ్బిలాలు, పక్షులు విత్తనాలు మోస్తాయి. కెట్జాల్ అనే పచ్చని పక్షి అడవి అవకాడో పండును గుటుక్కున మింగి, గింజను మరోచోట కక్కేస్తుంది.

అంత అందమైన పక్షి కూడా ఆకుల్లో కదలకుండా కూర్చుంటే మన కంటికి ఆనదు. గైడుకు మాత్రం ఏ అవకాడో చెట్టు కాయలు పండాయో తెలుసు, అక్కడే ఆగి చూపిస్తారు. బాట దిగనివ్వరు కూడా. అది మంచిదే, పక్కనున్న లేత మొలకే రేపటి చెట్టు మరి.

మీరు ఏ అడవికి వెళ్లినా గైడును ఒక్కటి తప్పక అడగండి: ‘ఈ చెట్టు పండ్లు ఎవరు తింటారు?’