ఇంటి నల్లా గొట్టం: ఎవరి బాధ్యత ఎంతవరకు?

నీరు ప్రాణాధారమని చిన్ననాటినుంచి చదువుకొంటూనే ఉన్నాం. ఆనకట్టలను గూర్చి, జలాశయాలను గూర్చి మన పాఠ్యగ్రంథాలలో పుటలకొద్దీ వ్రాసి ఉన్నది. కాని ఆ నీరు వీధిని దాటి మన ఇంటిలోనికి ప్రవేశించే ఆఖరి పది గజాల దారిని గూర్చి చెప్పే పుస్తకాలు అరుదు. వీధి నడుమనున్న పెద్ద గొట్టానికి, మన ఇంటి తొట్టికి మధ్య భూమిలో దాగి ఉన్న బొటనవ్రేలి లావు గొట్టమే ఈ వ్యాసానికి విషయం. ఈ చిన్న గొట్టం ఎవరిది? అది చెడిపోతే బాగుచేయించవలసినవారు గృహస్థులా, నీటి సరఫరా సంస్థవారా? ప్రశ్న చిన్నదే. సమాధానం తెలియనప్పుడు కలిగే కీడు మాత్రం చిన్నది కాదు.

నేను కొంతకాలం నివసించిన ఒక సందులో జరిగిన సంగతి చెబుతాను. ఒక ఇంట్లో నల్లా తిప్పగానే మొదట నల్లని నీరు, తరువాత దుర్వాసనతో కూడిన నీరు రాసాగింది. ఇంటివారు ఫిర్యాదు చేశారు. లైన్‌మన్ వచ్చి చూసి, "పెద్ద గొట్టంలో నీళ్ళు శుభ్రంగానే ఉన్నాయి, సాహెబ్. ఇది మీ గొట్టం దోషం. మీరే మార్పించుకోవాలి" అన్నాడు. ఇంటి యజమాని, వయసు మళ్ళిన పెద్దమనిషి, "రోడ్డు నాదా, బాబూ? రోడ్డు క్రింది గొట్టం నాదెట్లా అవుతుంది?" అన్నారు. ఇద్దరి మాటలోనూ కొంత న్యాయం ఉన్నది. ఆ వాదం మూడు వారాలు సాగింది. ఈలోపల ఆ ఇంటి మనుమరాలు వాంతులు, విరేచనాలతో ఆసుపత్రి పాలయింది. చివరకు త్రవ్వి చూస్తే, గోడకు ఒక్క అడుగు ఆవల, మురుగుకాలువ అడుగున, తుప్పు తిన్న గొట్టానికి చిల్లు కనబడింది. బాగుచేయడానికి ఒక పూట పట్టింది. పాప కోలుకొన్నది గాని, ఆ మూడు వారాలు ఎవరి ఖాతాలో వ్రాయాలి? ఆ ప్రశ్నే నాచేత ఈ వ్యాసం వ్రాయించింది.

నీరు నడిచే దారి

హైదరాబాదు నగరాన్నే ఉదాహరణగా తీసుకొందాం. 1908 సెప్టెంబరులో మూసీనది వరద నగరాన్ని అతలాకుతలం చేసిన తరువాత, వరదను అరికట్టడానికీ, త్రాగునీటిని సమకూర్చడానికీ ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు నిర్మించబడినాయి. మొదటిది 1920లోను, రెండవది 1927లోను పూర్తి అయినాయి. నగరం పెరిగిన కొలదీ మంజీర నీరు, ఆ తరువాత కృష్ణ, గోదావరి జలాలు నూరు కిలోమీటర్లకు పైబడిన దూరంనుంచి తరలివచ్చాయి. నీటి సరఫరా, మురుగునీటి పారుదలల నిర్వహణకు 1989 నాటి చట్టం క్రింద ప్రత్యేక మండలి ఏర్పడింది.

ఇంత దూరం ప్రయాణం చేసి వచ్చిన నీరు వీధిలోని పంపిణీ గొట్టాన్ని చేరుతుంది. ఆ గొట్టానికి రంధ్రం వేసి, ఫెర్రూలు అనే చిన్న ఇత్తడి భాగాన్ని బిగిస్తారు. ఇంటికి ఎంత నీరు రావాలో నిర్ణయించేది దాని రంధ్రం కొలతే. ఫెర్రూలునుంచి ఇంటివరకు వచ్చే గొట్టమే సర్వీసు గొట్టం. ఆ దారిలో నీటిని కట్టివేసే స్టాప్‌కాక్, నీటిని కొలిచే మీటరు ఉంటాయి. తరువాత నీరు ఇంటిలోని సంపులో పడుతుంది. అక్కడినుంచి మోటారు ద్వారా మేడమీది తొట్టికి, తొట్టినుంచి వంటింటి నల్లాకు చేరుతుంది. తెలంగాణంలో 'నల్లా' అనే మాట ఉర్దూలోని 'నల్'కు దగ్గరి చుట్టం. నల్ అంటే గొట్టమే. ఎంత పెద్ద జలాశయమైనా చివరకు ఈ గొట్టం మంచితనంమీదనే ఆధారపడి ఉన్నది.

హద్దు ఎక్కడ?

గొట్టాన్ని రెండు భాగాలుగా విభజించి బాధ్యతను పంచే పద్ధతి ఇంగ్లండులో చాలకాలంగా ఉన్నది. అక్కడ పెద్ద గొట్టంనుంచి వీధి సరిహద్దువరకు ఉన్న భాగాన్ని కమ్యూనికేషన్ పైపు అంటారు. అది నీటి సంస్థకు చెందినది. సరిహద్దునుంచి ఇంటిలోనికి వచ్చేది సప్లై పైపు; అది గృహస్థునిది. మన దేశపు భవన నిర్మాణ నియమావళిలోని నిర్వచనాలలో కూడ ఈ మాటలు కనిపిస్తాయి.

అయితే ఆచరణలో మన పట్టణాలలో పరిస్థితి కొంత భిన్నం. కనెక్షను తీసుకొనేటప్పుడు ఫెర్రూలునుంచి ఇంటివరకు గొట్టానికయ్యే ఖర్చు సాధారణంగా గృహస్థుడే భరిస్తాడు. తరువాత దాని మరమ్మతు కూడ తరచుగా ఆయన మీదనే పడుతుంది. పెద్ద గొట్టం, దానిలో ప్రవహించే నీటి శుభ్రత మాత్రం సంస్థ బాధ్యతలు. ఇక్కడే చిక్కు ఉన్నది. గొట్టం గృహస్థునిదే అనుకొన్నా, దానిమీదనున్న రోడ్డు ఆయనది కాదు. అనుమతి లేకుండా రోడ్డు త్రవ్వరాదు. ఫెర్రూలును స్వయంగా ముట్టరాదు. అనగా ఖర్చు ఒకరిది, అధికారం మరొకరిది. కాబట్టి కనెక్షను పత్రంలోని షరతులను ఇంటిలో అక్షరజ్ఞానం ఉన్నవారు ఒక్కసారైనా చదివి, హద్దు ఎక్కడ వ్రాసి ఉన్నదో ముందుగానే తెలుసుకోవాలి. గొట్టం పగిలిన నాడు వెదకవలసిన కాగితం కాదది.

అద్దె ఇళ్ళలో మూడవ పక్షం కూడ చేరుతుంది. 2021లో కేంద్ర ప్రభుత్వం రాష్ట్రాలకు మార్గదర్శకంగా రూపొందించిన నమూనా అద్దె చట్టం ఈ విషయాన్ని స్పష్టంగా విభజించింది. అవసరమైనప్పుడు నీటి గొట్టాలను మార్చడం యజమాని పని. నల్లాలను, వాటి వాషర్లను మార్చడం, కాలువ శుభ్రం చేయించడం అద్దెకున్నవారి పని. నమూనా చట్టాన్ని రాష్ట్రాలు స్వీకరించినప్పుడే అది అమలులోనికి వస్తుంది. అయినా అద్దె పత్రం వ్రాసుకొనేటప్పుడు ఈ విభజనను అందులో చేర్చుకోవడానికి ఎవరి అడ్డూ లేదు. బహుళ అంతస్తుల భవనాలలోనైతే సర్వీసు గొట్టం, సంపు అందరి ఉమ్మడి ఆస్తి. అందరిదీ కాబట్టి ఎవరూ పట్టించుకోని ప్రమాదం అక్కడ మరింత హెచ్చు.

మురుగుకు హద్దు తెలియదు

నీరు రోజంతా రాకపోవడం మన పట్టణాలలో సర్వసాధారణం. అనేక పేటలలో రోజు విడిచి రోజు, అదీ గంటో రెండు గంటలో వదులుతారు. నీరు వచ్చే వేళ గొట్టంలో ఒత్తిడి ఉంటుంది. చిల్లు ఉంటే నీరు బయటికి కారుతుంది. సరఫరా ఆపగానే ఒత్తిడి పడిపోతుంది. అప్పుడు అదే చిల్లుగుండా చుట్టూ నిలిచిన మురుగు లోపలికి చొరబడుతుంది. మరునాడు మొదట వచ్చే నీటితోపాటు అది మన తొట్టిలో పడుతుంది.

సర్వీసు గొట్టానికి నేరుగా మోటారు బిగించి నీరు లాగడం ఈ ప్రమాదాన్ని రెట్టింపు చేస్తుంది. మోటారు పొరుగువారి వాటా నీటినే కాక, గొట్టం చుట్టూనున్న మురుగును కూడ లాగుతుంది. అది నియమవిరుద్ధమని అందరికీ తెలుసు. అది తన ఇంటివారికే హానికరమని తెలిసినవారు తక్కువ. మోటారు ఉండవలసిన చోటు సంపు తరువాతనే గాని ముందు కాదు.

2009 మే నెలలో హైదరాబాదులోని భోలక్‌పూర్ ప్రాంతంలో కలుషితమైన నీరు త్రాగి పలువురు ప్రాణాలు కోల్పోయారు. ఎందరో ఆసుపత్రుల పాలయ్యారు. త్రాగునీటిలో మురుగు కలిస్తే జరిగే అనర్థం ఎంతటిదో ఆ దుర్ఘటన నగరానికంతకూ తెలియజెప్పింది.

మీటరు ఉన్న చోటు కూడ మనుష్యుల శ్రద్ధను విడదీస్తుంది. మీటరుకు ముందు కారిన నీరు బిల్లులోనికి రాదు కాబట్టి గృహస్థునికి పట్టదు. మీటరు తరువాత కారినది సంస్థకు పట్టదు. మేడమీది తొట్టినుంచి నిమిషానికి ఒక గ్లాసెడు, అనగా 200 మిల్లీలీటర్లు కారితే రోజుకు 288 లీటర్లు, నెలకు 8,640 లీటర్లు అవుతుంది. 2021 జనవరిలో హైదరాబాదులో ప్రవేశపెట్టిన ఉచిత నీటి పథకం ఒక కుటుంబానికి నెలకు 20,000 లీటర్లు కేటాయించింది. ఒక్క చిన్న చిల్లు అందులో నూటికి నలభై పాళ్ళకు పైగా హరించగలదన్నమాట.

సగం గొట్టం మార్చితే?

హద్దును మాత్రమే చూసుకొని గొట్టాన్ని మరచిపోతే ఏమవుతుందో అమెరికా అనుభవం చక్కగా తెలుపుతుంది. అక్కడ పూర్వం సీసపు సర్వీసు గొట్టాలు విరివిగా వేశారు. సీసం నీటిలో కలిస్తే పసిపిల్లల మెదడు ఎదుగుదలకు హాని కలుగుతుంది. కొత్తగా సీసపు గొట్టాలు వాడడాన్ని 1986లో చట్టం నిషేధించింది. కాని భూమిలోని పాత గొట్టాలు అట్లాగే ఉండిపోయాయి. అనేక నగరాలలో వీధి వైపు భాగం సంస్థది, ఇంటి వైపు భాగం గృహస్థునిది. కొన్ని చోట్ల సంస్థలు తమ భాగాన్ని మాత్రం మార్చి ఊరుకొన్నాయి. ఫలితం విపరీతమయింది. పాత గొట్టాన్ని కోసినప్పుడు కలిగిన కదలికకు లోపలి సీసపు పొర రాలి, కొంతకాలం నీటిలో సీసం తగ్గడానికి బదులు పెరిగింది.

విస్కాన్సిన్ రాష్ట్రంలోని మాడిసన్ నగరం వేరొక మార్గం త్రొక్కింది. 2001నుంచి పది పన్నెండు సంవత్సరాలలో రెండు భాగాలనూ కలిపి మార్పించింది. గృహస్థుడు తన వంతు మార్చడం తప్పనిసరి చేసి, ఆ ఖర్చులో సగం, 1,000 డాలర్లకు మించకుండా, నగరం తిరిగి చెల్లించింది. న్యూజెర్సీలోని న్యూఆర్క్ నగరం 2019 తరువాత సుమారు 23,000 సీసపు గొట్టాలను ఇంటివారిపై ఖర్చు మోపకుండానే మార్చింది. మన సమస్య సీసం కాదు, తుప్పు, మురుగు. కాని పాఠం ఒక్కటే. కాగితంమీద గొట్టం రెండు ముక్కలు. నీటికి మాత్రం అది ఒకే గొట్టం.

ఎవరు ఏమి చేయాలి?

గృహస్థులు తమ సర్వీసు గొట్టం ఏ దారిని వస్తున్నదో తెలుసుకోవాలి. అది మురుగుకాలువలోనుంచి గాని, మ్యాన్‌హోలులోనుంచి గాని పోరాదు. నీరు చెడినప్పుడు వెంటనే పొరుగిళ్ళలో విచారించాలి. అందరి నీరూ చెడితే దోషం సాధారణంగా పెద్ద గొట్టంలో ఉంటుంది. ఒక్క ఇంటిలోనే చెడితే సర్వీసు గొట్టంలోనో, సంపులోనో ఉంటుంది. ఈ ఒక్క విచారణ వారాల వాదాన్ని తప్పిస్తుంది. నీరు వదిలిన వేళ సంపులోని బంతి కవాటాన్ని, నల్లాలను మూసి మీటరును చూడాలి. దానిలోని చిన్న చక్రం ఇంకా తిరుగుతూ ఉంటే మీటరు తరువాత ఎక్కడో చిల్లు ఉన్నదని అర్థం. సందేహం తీరేవరకు నీటిని మరగకాచి త్రాగాలి.

సంస్థవారు ఫిర్యాదు అందగానే ముందు నీటిని పరీక్షించాలి. గొట్టం ఎవరిదన్న ప్రశ్న తరువాతిది. గృహస్థుడు తన భాగం మార్చడానికి సిద్ధపడితే రోడ్డు త్రవ్వే అనుమతి జాప్యం లేకుండా ఇప్పించాలి. వీధిలో పెద్ద గొట్టాన్ని మార్చేటప్పుడు ఇళ్ళ గొట్టాలను కూడ అప్పుడే మార్పిస్తే రోడ్డు ఒక్కసారి త్రవ్వితే సరిపోతుంది. ఖర్చు భరించలేని బీదలకు వాయిదాలలో చెల్లించే వెసులుబాటు కల్పించడం ధర్మం.

విద్యార్థులు చేయగలిగినది కూడ ఉన్నది. శుద్ధిచేసిన నీటిలో క్రిమిసంహారానికి క్లోరిన్ కలుపుతారు. నల్లా వద్దకు చేరేసరికి లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని మన జాతీయ ప్రమాణం. పరీక్షాద్రవం కలిపితే క్లోరిన్ ఉన్న నీరు పసుపు రంగు తిరుగుతుంది. మురుగు కలిసిన నీటిలో క్లోరిన్ త్వరగా ఖర్చయిపోతుంది కాబట్టి, పొరుగిళ్ళలో పసుపు రంగు వచ్చి ఒక ఇంటిలో రాకపోతే ఆ గొట్టాన్ని అనుమానించాలి. రసాయనశాస్త్ర విద్యార్థులు అధ్యాపకుల పర్యవేక్షణలో ఏటా ఒక పేటను ఎన్నుకొని ఈ పరీక్ష చేసి, ఫలితాలను ఉర్దూలోను, తెలుగులోను వ్రాసి ఇంటింటికీ అందజేయవచ్చు. మన కళాశాల సంఘంవారు కూడ కళాశాల సర్వీసు గొట్టం, సంపు, తొట్టిల పటం ఒకటి గీయించి కార్యాలయంలో ఉంచితే, ఆపద వచ్చిన నాడు వెదకులాట ఉండదని మనవి.

హద్దు అవసరమే. ఖర్చు ఎవరు పెట్టుకోవాలో అది తేలుస్తుంది. కాని బిడ్డ దాహం తీర్చే నీటిలో విషం కలుస్తున్నప్పుడు, ముందు ఎవరు కదలాలన్న విషయంలో హద్దు లేదు. చూసినవారు ముందు కదలాలి. లెక్కలు తరువాత చూసుకోవచ్చు.