తల్లి ఒడిలోని పాఠశాల

ఉపాధ్యాయ శిక్షణ పొందినవారిలో కొమీనియస్ పేరు విననివారు అరుదు. బొమ్మల సహాయమున భాష నేర్పు గ్రంథమును 1658లో న్యూరెంబర్గు నగరమున అచ్చు వేయించినవాడనియు, పదముకంటె ముందు వస్తువును చూపవలెనని బోధించినవాడనియు పరీక్షకు చదువుకొని, పరీక్ష ముగిసిన పిమ్మట మరచిపోవుట పరిపాటి. ఆయన వ్రాసిన మరియొక చిన్న పుస్తకము బడికి రాని పసివారిని గూర్చినది. అది ఉపాధ్యాయుల కొరకు గాక తల్లిదండ్రుల కొరకు వ్రాయబడినది. 1633లో పోలండు దేశపు లెష్నో పట్టణమున జర్మను భాషలో వెలువడిన ఆ పుస్తకమును తెలుగున ‘మాతృ పాఠశాల’ అనవచ్చును. బిడ్డ పుట్టినది మొదలు ఆరవ యేడు నిండువరకు ఇల్లే బడి, తల్లిదండ్రులే గురువులు. దైవభక్తి, సత్ప్రవర్తన, జ్ఞానము అను మూడు విత్తనములును ఆ ఆరేండ్లలోనే పడవలెను. ఇది అందలి ప్రతిపాదన.

ఇంటిని గూర్చి ఇంత శ్రద్ధగా వ్రాసినవాడు ఇల్లు కోల్పోయినవాడు.

కొమీనియస్ 1592లో మొరేవియా ప్రాంతమున జన్మించెను. అది నేటి చెక్ గణతంత్రములోని తూర్పు భాగము. ఆయన కుటుంబము ‘సహోదర సంఘము’ అను క్రైస్తవ సమాజమునకు చెందినది. లూథరు పుట్టుటకు పూర్వమే, 1457లో, జాన్ హుస్ బోధల ప్రభావమున ఏర్పడిన సంఘమది. ఆ సంఘమువారే బైబిలును మూలభాషలనుండి చెక్ భాషలోనికి తెచ్చి, 1579 మొదలు క్రాలిట్సే గ్రామమున చాటుగా అచ్చు వేసికొనిరి. పన్నెండేండ్ల ప్రాయమునకే తల్లిదండ్రులను పోగొట్టుకొన్న కొమీనియస్ బంధువుల పంచన పెరిగెను. పదియారవ యేటగాని లాటిన్ పాఠశాలలో చేరలేకపోయెను. అక్కడి బెత్తపు చదువును ఆయన జీవితాంతము మరువలేదు.

1618 నాటికి ఆయన ఫుల్నెక్ పట్టణమున సంఘకాపరి, గృహస్థు. 1620 నవంబరు 8న ప్రాగ్ నగర సమీపమున తెల్లకొండ వద్ద జరిగిన యుద్ధములో ప్రొటెస్టెంటుల సేన ఓడిపోగా, హాబ్స్‌బర్గు చక్రవర్తి ఆ దేశమునంతటిని తిరిగి కథోలిక మతములోనికి మరల్ప పూనుకొనెను. మరుసటి యేడు ఫుల్నెక్ సైనికుల పాలయ్యెను. కొమీనియస్ అజ్ఞాతవాసమునకు పోయెను. 1622లో భార్యయు ఇరువురు పసిబిడ్డలును అంటువ్యాధి వాతబడిరి. ఆయన పుస్తకములు అగ్నికి ఆహుతియైనవి. 1628లో, రెండవ భార్య డొరోతాతోను పసిబిడ్డలతోను, ఆయన స్వదేశపు ఎల్ల దాటి లెష్నో చేరెను. సరిహద్దు కొండపై మోకరించి, ఈ నేలలో నీ విత్తనమును మరుగుననైన మిగిల్చుమని దేవుని వేడుకొనెనని సంఘమువారు తరతరములుగా చెప్పుకొందురు. ఆయన మరల ఆ నేలపై స్థిరపడలేదు.

‘మాతృ పాఠశాల’ రూపొందినది ఈ ప్రవాసముయొక్క తొలి యేండ్లలోనే. తనతో వచ్చినవారు గుడిని, బడిని, పొలమును వదలుకొని వచ్చినవారు. వారి చేతులలో మిగిలినది బిడ్డలు మాత్రమే. కనుకనే కాబోలు, బంగారముకంటె, వెండికంటె, మణులకంటె బిడ్డలు విలువైనవారు అను మాటతో ఆయన పుస్తకమును ఆరంభించును. ఇతరులు వ్రాసినచో ఇది అలంకారముగా తోచునేమో. బిడ్డలు పెద్దలకు అద్దమువంటివారనియు, అణకువయు, సౌమ్యతయు ఎట్లుండునో ఆ అద్దమున చూచుకొనుమనియు ఆయన తల్లిదండ్రులతో చెప్పును. బోధించువాడే ముందు నేర్చుకొనవలెనన్నమాట.

బిడ్డకు దైవభక్తి నేర్పుటను గూర్చి ఆయన చెప్పిన పద్ధతి చూడదగినది. ప్రసంగములు లేవు, బెదిరింపులు లేవు. మాటలు రాకముందే తల్లి బిడ్డకొరకు ప్రార్థింపవలెను. మాటలు వచ్చుచున్నపుడు చేతులు జోడించుట, మోకరించుట, కన్నులు పైకెత్తుట అలవరుపవలెను. అర్థము తెలియకముందే శరీరమునకు వినయము తెలియును. ఆకాశమును చూపి, సూర్యచంద్రులను చూపి, పళ్లెములోని రొట్టెను చూపి, ఇవి యెవరిచ్చినవో చెప్పవలెను. పిమ్మట ప్రభువు నేర్పిన ప్రార్థన. దానినైనను ఒక్కమారుగా కంఠస్థము చేయింపరాదు. ఒక వారము మొదటి విన్నపము మాత్రమే, ఉదయము రెండు మారులు, సాయంకాలము రెండు మారులు. మరుసటి వారము దానికి ఇంకొకటి చేర్చవలెను. ఈ లెక్కన ఆ చిన్న ప్రార్థన పూర్తియగుటకు రెండు నెలలు పట్టును. తొందర యెవరికి? ప్రతిదినము ఉదయ సాయంకాలములందు తల్లియు బిడ్డయు కలిసి కూర్చొనిన ఆ నిమిషములే అసలు పాఠమని, ఆ పుస్తకము చదువువారికి తోచును.

పాట విషయమున ఆయన మరింత ఉదారుడు. బిడ్డ యేడుపే తొలి సంగీతమని ఆయన అభిప్రాయము. గిలకలతోను ఈలలతోను అది పెరుగును. మూడవ యేటికి ఇంట నిత్యము పాడు భక్తిగీతములలోని తొలి చరణము బిడ్డకు తానుగా వచ్చును. తెలుగునాట క్రైస్తవ గృహములు ఎరిగినవారికి ఇది కొత్తగాదు. సాయంకాలము చాప పరచి కుటుంబమంతయు కూర్చొనునపుడు, అక్షరములు రాని బిడ్డ కూడ పురుషోత్తమ చౌదరిగారి కీర్తన పల్లవిని అందుకొనుట కలదు. 1803లో పుట్టి 1890లో గతించిన ఆ కవి దేశీయ రాగతాళములలో వ్రాసిన కీర్తనలు ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుటలనుండి కంటె తల్లుల గొంతులనుండియే ఎక్కువమందికి చేరియుండును.

భక్తిని ఒక మూలను, తక్కిన జీవితమును ఒక మూలను ఉంచుట కొమీనియస్ ఎరుగడు. పుస్తకములో ప్రార్థనకు ఒక అధ్యాయమే. మిగిలినవన్నియు పాలు, నిద్ర, ఆట, మాట, పని. తల్లి తన బిడ్డకు తన పాలే ఈయవలెనని గట్టిగా వాదించును. దాదుల కప్పగించు సంపన్నులను మందలించును. తన ఊరు, పొలము, కొండ, ఏరు తెలిసికొనుటే బిడ్డకు భూగోళము. నిన్న ఏమి జరిగినది, అమ్మమ్మగారింట ఎవరిని చూచితిమి అని గుర్తు చేసికొనుటే చరిత్ర. ఇంటిలోని పాత్రల పేర్లు, వాని వాడుక తెలిసికొనుటే గృహశాస్త్రము. బిడ్డలు ఊరక కూర్చొనజాలరు గనుక వారిని కూర్చొనుమనరాదు. కొయ్య బండ్లు, చిన్న నాగళ్లు ఇచ్చి, కట్టనీయవలెను, పడగొట్టనీయవలెను. తండ్రి కూడ ఆ ఆటలో చేరినచో మరియు మంచిది. ఈడు పిల్లలు ఒకరికొకరు నేర్పినంత బాగుగా తల్లిదండ్రులు గాని ఉపాధ్యాయులు గాని నేర్పలేరని ఆయన ఒప్పుకొనుట గమనింపదగినది. గురువులలో ఈ మాట ఒప్పుకొనువారు నేటికిని కొద్దిమందియే.

మంచి నడతకు మొదటి సాధనము తల్లిదండ్రుల నడతయే. బిడ్డ తిట్టినపుడు, కొట్టినపుడు ముద్దుగా ఉన్నదని నవ్వి, అదే బిడ్డ పెద్దయైన పిమ్మట అదే పనికి దండించు తల్లిదండ్రులను ఆయన క్షమింపడు. అయితే బెత్తమును ఆయన పూర్తిగా విడువలేదు. మాట, మందలింపు విఫలమైనచో దెబ్బ తప్పదనెను. ఆ కాలమునకు అది మెత్తని మాటయే కావచ్చును. నేటి ఉపాధ్యాయుడు మాత్రము అంగీకరింపనక్కరలేదు.

ఆరేండ్లు నిండిన బిడ్డను బడికి పంపు ఘట్టము పుస్తకములో చివరిది. కొందరు తల్లిదండ్రులు దూడను సంతకు తోలినట్లు బిడ్డను ఒక్కమారుగా బడికి తోలుదురట. మరికొందరు అంతకంటె అన్యాయముగా, అల్లరి చేసినప్పుడెల్ల బడిలో వేసెదమని, పంతులు తోలు వలుచునని భయపెట్టుదురట. ఇట్లు పెంచిన బిడ్డ గురువును ప్రేమించుట యెట్లని ఆయన ప్రశ్న. ముందునుండియే బడిని గూర్చి మంచి మాటలు చెప్పవలెను. చక్కని సంచి, పలక కొని చూపవలెను. ఈ మాటలు వ్రాసి నాలుగు వందల యేండ్లు కావచ్చుచున్నవి. జూన్ నెలలో ఏ ఊరి ప్రాథమిక పాఠశాల గుమ్మము ముందు నిలిచినను, ఆయన చెప్పిన రెండు రకముల తల్లిదండ్రులును కనబడుదురు.

లెష్నోలోని ప్రవాసులకే గాక, స్వదేశమున మిగిలిపోయిన సహోదరులకును ఇల్లే శరణమయ్యెను. అక్కడ కాపరులు లేరు, ఆరాధన మందిరములు లేవు. చట్టము ప్రకారము అందరును కథోలిక మందిరమునకు పోవలెను, బిడ్డలకు అక్కడనే బాప్తిస్మము ఇప్పింపవలెను. పాత పుస్తకములు దొరికినచో శిక్ష. పగలు ఊరివారితో కలిసి మందిరమునకు పోయి, రాత్రి తలుపులు మూసి పూర్వుల పాటను లోగొంతుకతో పాడుకొనవలసిన కుటుంబములవి. పసివారి ముందు సత్యమే పలుకుమని కొమీనియస్ బోధించెను. ఈ ఇండ్లలోని తల్లులు మాత్రము బిడ్డలకు ప్రార్థనతోపాటు మౌనమును కూడ నేర్పవలసి వచ్చెను. నాలుగేండ్ల బిడ్డ వీధిలో జారవిడిచిన ఒక్క మాట చాలును, ఇంటిల్లిపాదికి ముప్పు తెచ్చుటకు.

1656లో లెష్నో కూడ యుద్ధమున దగ్ధమయ్యెను. నలువది యేండ్లు కూర్చిన చెక్ నిఘంటువు వ్రాతప్రతి అందులో కాలిపోయెను. ఆమ్‌స్టర్‌డామ్ చేరిన వృద్ధ కొమీనియస్, 1661లో, జర్మను భాషలో ఒక చిన్న ప్రశ్నోత్తర గ్రంథమును అచ్చు వేయించెను. కాపరి లేని ఇండ్లలో పెద్దలు పిన్నలకు నేర్పుటకు తగిన పుస్తకమది. చెల్లాచెదరైన క్రీస్తు గొఱ్ఱెలకు అని అంకితమిచ్చుచు, కొన్ని గ్రామములను ప్రత్యేకముగా పేర్కొనెను. కాని పేర్లు పూర్తిగా వ్రాయలేదు. ప్రతి ఊరికి మొదటి అక్షరము మాత్రమే. మొదటిది ‘ఎఫ్’, అనగా తాను కాపరిగా ఉండిన ఫుల్నెక్. చివరిది ‘జెడ్’, జౌఖ్టెంటాల్ అను పల్లె. ఆ పల్లెలవారు ఆ అక్షరములను చూచి తమ ఊరిని గుర్తుపట్టవలెను, అధికారులు గుర్తుపట్టరాదు. ఇంతకంటె జాగ్రత్తగా వ్రాసిన అంకితము సాహిత్యమున అరుదు. తొమ్మిదేండ్లకు, 1670లో, ఆయన కన్నుమూసెను.

విత్తనము మిగిలెనా లేదా అన్నది ఆయనకు తెలియలేదు. సంఘపు చరిత్రకారులు జార్జి యెష్కే అను వృద్ధుని పేర్కొందురు. మొరేవియాలోని జేలెన్ గ్రామమున ఆయన తన మనుమలను చేరదీసి పూర్వుల విశ్వాసమును చెప్పుచుండెను. 1707లో మరణశయ్యపై వారిని పిలిచి, విడుదల దినము వచ్చునని, ఆ దినమున అన్నియు విడిచి లేచిపోవుటకు సిద్ధముగా ఉండుమని చెప్పి ఆశీర్వదించెను. మనుమలు కత్తులు చేయు పనివారు, నైసర్ సోదరులు. 1722లో ఒక రాత్రి వారు భార్యలతో, చంకలలోని పసిబిడ్డలతో, ఇంటిని సామానుతో సహా విడిచి కొండదారి పట్టిరి. క్రిస్టియన్ డేవిడ్ అను వడ్రంగి దారి చూపెను. సాక్సనీలో జిన్‌జెన్‌డార్ఫ్ ప్రభువు ఎస్టేటులో వారికి చోటు దొరికెను. ఆ యేడు జూన్ 17న తొలి చెట్టు నరికి వారు కట్టుకొన్న ఊరే హెర్న్‌హూట్. కొమీనియస్ దేశము విడిచి అప్పటికి తొంబదినాలుగు యేండ్లు. అన్ని యేండ్లును ఆ విశ్వాసము అమ్మమ్మలు, తాతలు, తల్లులు, తండ్రులు కూర్చొనిన నేలమీదనే బ్రతికియుండెను.

1724 మే నెలలో జౌఖ్టెంటాల్ నుండి ఐదుగురు యువకులు హెర్న్‌హూట్ చేరిరి. అంకితములోని చివరి అక్షరపు పల్లె అదియే. ఆ ఐదుగురిలో డేవిడ్ నిట్ష్‌మన్ అను వడ్రంగి ఒకడు. తిరిగి లేచిన సంఘమునకు బిషప్పు కావలసి వచ్చినపుడు అతనినే ఎన్నుకొనిరి. అభిషేకము చేయుటకు పాత సంఘపు బిషప్పుల పరంపరకు చెందినవాడు ఉండవలెను. బెర్లిన్ నగరమున రాజాస్థాన ప్రసంగీకుడుగా డేనియల్ ఎర్నెస్ట్ యబ్లాన్‌స్కీ అను డెబ్బది నాలుగేండ్ల వృద్ధుడు ఉండెను. ఆయన కొమీనియస్ మనుమడు. లెష్నోలో ‘మాతృ పాఠశాల’ రూపొందుచున్న దినములలో ఆ ఇంట పసిబిడ్డగా ఉన్న ఎలిజబెత్ ఆయన తల్లి. 1735 మార్చి 13న యబ్లాన్‌స్కీ జౌఖ్టెంటాల్ వడ్రంగి తలపై చేతులుంచి అతనిని బిషప్పుగా అభిషేకించెను.