గని త్రవ్విన నేలపై చెట్లు: మాగిన యెరువు చేయు మేలు

ఇల్లెందు ప్రాంతమున 1871వ సంవత్సరములో డాక్టరు కింగు అను భూగర్భశాస్త్రజ్ఞుడు రాక్షసిబొగ్గును కనుగొనెను. అచ్చట మొదలయిన సింగరేణి గనులు పిదప గోదావరీలోయలో పెక్కుచోట్లకు వ్యాపించెను. మొదట నేలక్రింద సొరంగములు త్రవ్వుచుండిరి. ఉపరితలగనులు వచ్చినపిదప బొగ్గుపై నున్న మట్టిని, ఱాతిని పెకలించి గుట్టలుగా పోయుచున్నారు. చెట్లులేని గుట్టనుండి వానకు కొట్టుకొనివచ్చు మన్ను క్రింది పొలములను, చెఱువులను పూడ్చును. కావున ఆ గుట్టలపై చెట్లు పెంచు విధమును మా విద్యార్థులకు తెలుపగోరుచున్నాము.

గుట్టమట్టి చూపునకు మన్నువలెనే యుండును గాని అది సజీవమైన నేల కాదు. పొలములోని పైమట్టియందు కుళ్లిన ఆకులు, వానపాములు, కంటికగపడని సూక్ష్మజీవులు గలవు. గుట్టపై నున్నది లోతునుండి వచ్చిన ఱాతిపొడి. అందు నత్రజని మిక్కిలి తక్కువ. వాననీరు నిలువక జారిపోవును. వేసవిలో పైభాగము పెనమువలె కాలును. అట్టిచోట విత్తనము మొలిచినను బ్రతుకుట దుర్లభము.

ఇచ్చట పెంటయెరువు అక్కరకు వచ్చును. అయితే పచ్చిపేడను గోతిలో వేయరాదు. అది కుళ్లునప్పుడు పుట్టు వేడియు, అమ్మోనియా వాయువును లేతవేళ్లను మాడ్చును. పేడను, ఎండుటాకులను, గడ్డిని పొరలుగా పేర్చి, తడి ఆరకుండ కాపాడి, అప్పుడప్పుడు తిరుగవేయవలెను. కుప్ప నడుమ 55 మొదలు 65 డిగ్రీల సెంటిగ్రేడు వఱకు వేడెక్కును. ఆ వేడికి కలుపువిత్తనములును, తెగుళ్ల క్రిములును చాలవఱకు నశించును. కొన్ని నెలలకు వేడి చల్లారి, దుర్వాసన పోయి, కుప్ప నల్లని పొడిగా మారును. ఇండోరునందు ఈ పద్ధతిని క్రమపఱచిన ఆల్బర్టు హోవర్డు, వాడు అను సహచరునితో కలిసి 1931లో దానిని గ్రంథముగా ప్రకటించెను.

రెండుపాళ్లు మన్ను, ఒకపాలు ఇసుక, ఒకపాలు మాగిన యెరువు కలిపి సంచులలో నింపి మొక్కలు పెంచవచ్చును. వానలు బాగుగా పడినపిదప అడుగున్నర గోతులలో ఎరువు కలిపిన మట్టితో నాటవలెను. ఎరువు నీటిని పట్టియుంచును, సూక్ష్మజీవులకు ఆహారమగును, పోషకములను మెల్లమెల్లగా విడుచును. మితిమీఱినచో కలుపు బలిసి మొక్కను అణచును. కానుగ, తుమ్మ మొదలగు చిక్కుడుజాతి చెట్లను ముందు నాటుట మేలు. వాని వేళ్లబుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని గ్రహించి చెట్టునకిచ్చును. ఆకు రాలి కుళ్లగా నేలయు బలియును. పిదప వేప, నేరేడు నాటవచ్చును.

ఒక్కమాట మఱవరాదు. అంగుళము పైమట్టి ఏర్పడుటకు వందలకొలది ఏండ్లు పట్టును. గని త్రవ్వకముందే దానిని వేఱుగా తీసి దాచి, తరువాత గుట్టపై పఱచుట ప్రథమకర్తవ్యము. ఎరువు పైమట్టికి తోడే గాని బదులు కానేరదు.

విద్యార్థులారా! రెండు కుండలలో కంకరమట్టి నింపి, ఒకదానిలో మాత్రము మాగిన యెరువు కలిపి, రెంటను కానుగగింజలు నాటుడు. సమముగా నీరుపోసి, వారమునకొకసారి మొక్కల యెత్తు కొలిచి వ్రాసికొనుడు. మేము చెప్పినదానికంటె ఆ కుండలే మీకు ఎక్కువ బోధించును.