అకాలమున ముట్లుడుగుట

స్త్రీలకు ఒక వయస్సున ముట్లుడుగుట ప్రకృతిసిద్ధము. మన దేశమున ఇది సాధారణముగా 46, 47 ఏండ్ల ప్రాంతమున జరుగును. 45 ఏండ్లు నిండకమునుపే ఉడిగినచో ముందుగా ఉడిగినట్లును, 40 ఏండ్ల లోపలనే అయినచో అకాలమున ఉడిగినట్లును వైద్యులు భావింతురు. అట్టివారిలో కొందరు పీడ విరగడయైనదని సంతోషింతురు; కొందరు సిగ్గుపడి దాచుకొందురు. ఈ రెండును తగవు. ఇందువలన కలుగు కీడు చాలకాలము పైకి కనబడదు.

శరీరములో కలుగు మార్పు

అండాశయములు అండమును విడుదల చేయుటయే గాక ఈస్ట్రోజన్ అను హార్మోనును గూడ తయారుచేయును. ఎముకల బలమునకు, గుండె, రక్తనాళముల ఆరోగ్యమునకు ఇది తోడ్పడును. 35వ ఏటనే ముట్లుడిగిన స్త్రీ ఇతరులకంటె పదేండ్లకు పైగా ఈ రక్షణ లేక గడపవలసియుండును. అందుచే ఎముకలు గుల్లబారి చిన్నదెబ్బకే విరుగవచ్చును; గుండెజబ్బుల భయమును హెచ్చును. ఒంట ఆవిర్లు, రాత్రి చెమటలు, నిద్రలేమి, చిరాకు, యోని పొడిబారుట దీని లక్షణములు.

కారణములు

చాలమంది విషయమున కారణము తెలియరాదు. కొందరికిది వంశమున వచ్చును. జన్యులోపములు, శరీర రక్షణశక్తియే అండాశయములపై తిరుగబడుట, క్యాన్సరు చికిత్స, పొగత్రాగుట కూడ కారణములు కావచ్చును.

గర్భసంచి ఆపరేషను మరియొక ముఖ్యకారణము. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ననుసరించి 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో ఈ ఆపరేషను జరిగినవారు దేశమున సుమారు 3 శాతము కాగా, ఆంధ్రప్రదేశ్, తెలంగాణములలో 8 శాతమునకు పైబడిరి. సంచి తీసినంతనే ముట్లు ఆగును. అండాశయములను గూడ తీసినచో హార్మోను ఒక్కపెట్టున తగ్గిపోవును; వాటిని ఉంచినను కొందరిలో అవి ముందుగనే పనిమానును. కావున తెల్లబట్టకో, నడుమునొప్పికో, "పిల్లలు పుట్టిరి గదా, ఇక సంచి యెందులకు" అను మాటకో ఆపరేషనుకు ఒప్పుకొనరాదు. మందులతో నయమగునేమో అడుగవలెను. మరియొక డాక్టరు సలహాయు పొందవలెను. అనవసరపు ఆపరేషన్లను అరికట్టుటకు కేంద్ర ఆరోగ్యశాఖ 2022లో మార్గదర్శకములు వెలువరించినది. వాటిని అమలుపరుపవలసినదని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రముల నాదేశించినది.

చేయవలసినది

45 ఏండ్లలోపు స్త్రీకి వరుసగా మూడు నాలుగు నెలలు ముట్టు రానిచో డాక్టరును చూడవలెను. మొదట గర్భము కాదని నిర్ధారించి, పిమ్మట రక్తపరీక్షలు చేయుదురు. రొమ్ము క్యాన్సరు వంటి అభ్యంతరములు లేనివారికి సుమారు 50 ఏండ్ల వయస్సు వరకు హార్మోను చికిత్స సాధారణముగా మేలుచేయును. అయితే డాక్టరు చెప్పనిదే మాత్రలు కొని మ్రింగరాదు.

రాగులు, పాలు, పెరుగు, నువ్వులు, ఆకుకూరలు ఆహారమున చేర్చుకొనవలెను. కొంతసేపు ఎండ తగులవలెను, దినమును నడువవలెను. పొగాకు మానవలెను.

40 ఏండ్లలోపే అండాశయములు మందగించినవారిలో, గర్భసంచి ఉన్నచో, ఏ కొందరికో తిరిగి గర్భము నిలుచుట కలదు. సంతానము కోరువారును, వలదనువారును డాక్టరుతో ముందే మాటలాడవలెను. ముట్లుడిగిన యేడాది తరువాత రక్తము కనబడినచో ఆలసింపక పరీక్ష చేయించుకొనవలెను.

ఇది ఆమె తప్పు గాదు, శాపమును గాదు. భర్తయు, అత్తమామలును నిందింపక, వేళకు ఆమెను ఆసుపత్రికి తోడ్కొని పోవుట వారి విధి.