సముద్రం లేని సీమలో నౌకాధికారుల పాత ఫోటోలు
పాత ట్రంకు పెట్టెలు తెరిచే ముందు తెలుసుకోవలసిన సంగతులు

అనంతపురం: మన జిల్లాకు సముద్రం లేదు. పెన్నలో నీరు పారడమే విశేషం. ఏడాదికి సగటున 55 సెంటీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే మెట్టసీమ ఇది. ఇక్కడ నౌకాదళ అధికారుల పాత ఫోటోల ప్రస్తావన తెస్తే కొందరికి వింతగా తోచవచ్చు. కాని కరువు సీమలో కడుపు నింపుకోవడానికి పట్టాలెక్కిన వారు ఒక్క బెంగుళూరుకే పోలేదు. సైన్యంలోకి పోయిన వారున్నారు, రేవుల్లో పనికి కుదిరిన వారున్నారు. వారు పంపిన ఫోటోలు, వారి పై అధికారులతో కలిసి దిగిన ఫోటోలు ఏ ఇంటి అటక మీద ఉన్నాయో చెప్పలేం.

యుద్ధకాలపు నౌకాధికారుల ఫోటోలు సేకరించడం చాలా దేశాల్లో ఉన్న అలవాటే. తపాలా బిళ్ళలు, పాత నాణేలు కూడబెట్టినట్టే ఈ ఫోటోలను కొని, పేర్లు కనుక్కొని, దాచేవారు ఉన్నారు. ఇది కేవలం కాలక్షేపం కాదు. దీని వెనుక ఒక బాధ ఉంది. నేల మీద చనిపోయిన సైనికుడికి సమాధి ఉంటుంది. ఓడతో మునిగిన వాడికి ఫోటో తప్ప మరేమీ మిగలదు.

ఎండెన్ నాటి నుంచి

మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ యుద్ధనౌక ఎండెన్ 1914 సెప్టెంబరు 22 రాత్రి మద్రాసు మీద గుండ్లు కురిపించి చమురు ట్యాంకులను తగలబెట్టింది. అప్పుడు అనంతపురం కూడా మద్రాసు రాజధానిలోని జిల్లాయే. ఆ నౌక కెప్టెన్ కార్ల్ ఫాన్ ముల్లర్. సరిగ్గా అదే రోజున ఉత్తర సముద్రంలో మూడు బ్రిటిష్ క్రూయిజర్లను ముంచిన జలాంతర్గామి అధికారి ఒట్టో వెడ్డిగెన్. ఇటువంటి వారి ఫోటోలను జర్మనీలో పోస్టుకార్డులుగా అచ్చువేసి అమ్మారు. మన ఇళ్ళలో దేవుళ్ళ పటాలు కొన్నట్టు అక్కడి జనం వాటిని కొని దాచుకున్నారు.

బ్రిటన్‌లో మరో పద్ధతి జరిగింది. 1917లో నెలకొల్పిన ఇంపీరియల్ వార్ మ్యూజియం, యుద్ధంలో మరణించిన వారి ఫోటోలు పంపమని కుటుంబాలను కోరింది. అలా చేరిన ఫోటోలు పదిహేను వేలకు పైగా ఉన్నాయి. నూరేళ్ళు దాటినా ఆ ముఖాలకు పేర్లున్నాయి. అడగవలసిన సమయంలో అడిగి రాసుకోవడమే అందుకు కారణం.

రెండవ ప్రపంచ యుద్ధం మన తీరానికే వచ్చింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద బాంబులు వేశాయి. యుద్ధారంభంలో రెండు వేల మందికి లోపుగా ఉన్న రాయల్ ఇండియన్ నేవీ, యుద్ధం ముగిసేనాటికి పాతికవేలు దాటింది. 1942 నవంబరు 11న 'బెంగాల్' అనే మన చిన్న నౌక ఒక డచ్చి చమురు ఓడకు కాపలాగా పోతూ, తనకంటే ఎన్నో రెట్లు పెద్దవైన రెండు జపాను నౌకలను ఎదిరించింది. వాటిలో ఒకటి మునిగిపోయింది. 'బెంగాల్' క్షేమంగా రేవు చేరింది.

ఆ యుద్ధంలో పనిచేసిన భారతీయ అధికారులలో రాందాస్ కటారి ఒకరు. 1927లో డఫరిన్ శిక్షణ నౌకలో చేరిన మొదటి జట్టులోని వారు. 1958లో భారత నౌకాదళానికి తొలి భారతీయ అధిపతి అయ్యారు. 1983లో సికింద్రాబాదులో కన్నుమూశారు.

చేతి మీది గీతలే గుర్తు

పేరు లేని ఫోటో దొరికితే మొదట చూడవలసింది ముఖం కాదు, చొక్కా చేతులు. నల్లకోటు వేసుకుంటే మణికట్టు దగ్గర, తెల్ల దుస్తులైతే భుజాల మీద బంగారు గీతలుంటాయి. ఒక గీత ఉంటే సబ్ లెఫ్టినెంట్, రెండుంటే లెఫ్టినెంట్. రెండింటి నడుమ సన్నని మూడో గీత ఉంటే లెఫ్టినెంట్ కమాండర్. మూడు లావు గీతలు కమాండర్‌కు, నాలుగు కెప్టెన్‌కు.

గీత ఆకారం కూడా కథ చెబుతుంది. గీత తిన్నగా ఉంటే శాశ్వత ఉద్యోగి. జడ అల్లినట్టు రెండు పాయలు పెనవేసుకుంటే వర్తక ఓడల నుంచి వచ్చిన రిజర్వు అధికారి. అలలాగా వంకర్లు తిరిగితే, యుద్ధం కోసం మామూలు కొలువు వదిలి చేరిన స్వచ్ఛంద అధికారి. బ్రిటిష్ వారు ఈ అలల గీతలను 1950 దశకం తొలినాళ్ళలో తొలగించారు. మన నౌకాదళంలో టోపీ గుర్తు మీద కిరీటం కనిపిస్తే అది 1950 జనవరి 26కు ముందు తీసిన ఫోటో. అశోకుని సింహాలుంటే ఆ తరువాతది.

అధికారి కాక నావికుడైతే టోపీ రిబ్బను చూడాలి. యుద్ధకాలంలో శత్రువుకు ఆనవాలు దొరకకూడదని బ్రిటిష్ నౌకల పేర్లను రిబ్బన్ల మీద నుంచి తీసేశారు. రిబ్బను మీద పేరు లేకపోవడమే అది యుద్ధకాలపు ఫోటో అనడానికి ఒక ఆధారం.

ఇక అట్ట వెనుక తిప్పి చూడాలి. స్టూడియో ముద్ర, ఊరి పేరు, తేదీ, ఒక్కోసారి ఇంటికి రాసిన రెండు ముక్కలు కూడా ఉంటాయి. పేరు, తేదీ ఉన్న ఫోటోకే సేకర్తల దగ్గర విలువ. కొనేవారు భూతద్దం పెట్టి చూడాలి. బొమ్మ నిండా వరుస చుక్కలు కనిపిస్తే అది అచ్చు యంత్రం మీద తీసిన నకలు, అసలు ఫోటో కాదు.

పేర్లున్నాయి, ముఖాలు లేవు

ముంబాయిలోని నావికుల గృహంలో ఒక యుద్ధ స్మారకం ఉంది. సముద్రమే సమాధి అయిన రాయల్ ఇండియన్ నేవీ నావికులు నాలుగు వందల మందికి పైగా, వర్తక ఓడల నావికులు సుమారు ఆరువేల మంది పేర్లు అక్కడి గ్రంథంలో రాసి ఉంచారు. ఈ పేర్లను కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ జాబితాలో ఎవరైనా ఉచితంగా వెతకవచ్చు. కాని పేరు పక్కన ముఖం ఉండదు. ఆ ముఖాలు, ఉంటే గింటే, ఇళ్ళలోనే ఉండాలి.

1971 డిసెంబరు 9న ఖుక్రీ నౌక మునిగినప్పుడు 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. నౌకతోపాటే ఉండిపోయిన కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ముఖాన్ని దేశం ఎరుగును. మిగిలిన వారి ముఖాలను వారి కుటుంబాలే కాపాడుకోవాలి.

ఇంట్లో ఫోటో ఉంటే

మన ఎండ, పొడి గాలి ఒక విధంగా మేలే. కోస్తాలో బూజు పట్టే ఫోటో ఇక్కడ నిలుస్తుంది. దానికి శత్రువులు చెదలు, దుమ్ము, గోడ మీది ఎండ. ఇంకో శత్రువు మన తొందరపాటు.

ఫోటోను తడిగుడ్డతో తుడవరాదు. జిగురుతో అట్టకు అతికించరాదు. అద్దానికి అంటుకుపోతే పీకరాదు, అద్దం మీదుగానే సెల్‌ఫోనుతో నకలు తీసుకోవాలి. చందనం, కుంకుమ అద్దం మీదే పెట్టాలి, కాగితం మీద కాదు. కలరా ఉండలు ఫోటోల మధ్య వేయరాదు. ఎండ తగలని చోట, నేలకు ఎత్తుగా, శుభ్రమైన కాగితంలో చుట్టి పెడితే చాలు. వెనుక అంచున మెత్తని పెన్సిలుతో పేరు, ఊరు, ఏ యుద్ధం, ఎవరికి ఏమవుతారో రాయాలి. పెన్ను వాడితే సిరా ముందువైపుకు దిగవచ్చు.

వలస పోయే కుటుంబాలు ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పటం చట్రం కోసం పాత సామాను వాడికి ఇచ్చేయడం కద్దు. చట్రానికి నాలుగు రూపాయలు వస్తాయి, ముఖం చిత్తుకాగితాల్లో కలిసిపోతుంది. కావాలంటే చట్రం అమ్ముకోవచ్చు, ఫోటో మాత్రం తీసి ఉంచుకోవాలి. సైనిక సేవకు సంబంధించిన కాగితాలు కూడా పెట్టెలో ఉంటే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో చూపించి, ఎక్కడ విచారించాలో తెలుసుకోవచ్చు.

అన్నిటికంటే ముందు చేయవలసిన పనికి ఖర్చు లేదు. ఇంట్లో ఎనభై, తొంభై ఏళ్ళ అవ్వో తాతో ఉంటే, పటం చేతికిచ్చి "ఇదెవరు?" అని అడగాలి. వారు చెప్పింది ఆ పూటే రాసుకోవాలి. ఫోటోకు నకలు ఎప్పుడైనా తీయవచ్చు, ఆ పెద్దల జ్ఞాపకానికి నకలు లేదు.