అవ్వ విన్న నవల

ఆత్మకూర్‌లో ఇంటర్ చదివే రోజుల్లో నాకు నవలంటే యద్దనపూడి సులోచనారాణి గారి 'సెక్రటరీ'నే. నోట్సు మధ్యలో దాచుకుని మరీ చదివేదాన్ని. రాజశేఖరం కారు మా వీధిలో ఆగినట్టు ఎన్ని కలలో!

ఓ సెలవుల్లో దాశరథి రంగాచార్య గారి 'చిల్లర దేవుళ్లు' (1969) చేతికొచ్చింది. అచ్చులో మన యాస చూసి నవ్వొచ్చింది. చదువు రాని మా అవ్వ "జర గట్టిగ సదువే" అంది. గడీలో ఆడబాపల కథ వచ్చేసరికి చింతగింజలు తీస్తున్న ఆమె చేతులు ఆగిపోయాయి. దొర బిడ్డకు పెళ్లయితే అత్తారింటికి వెంట పంపే దాసి పిల్లే ఆడబాప.

"మా అక్కను గట్లనే తోలిండ్రు. మల్ల మొకం సూడలే" అంది మెల్లగా. అవ్వకో అక్క ఉండేదన్న సంగతే అప్పటిదాకా మా ఇంట్లో ఎవరికీ తెలియదు. పేరడిగితే కొంగు అడ్డం పెట్టుకుంది. నేనూ రెట్టించలేదు.

'సెక్రటరీ' ఇప్పటికీ నాకిష్టమే. మా అమ్మాయేమో వోల్గా గారి 'స్వేచ్ఛ' (1987) చదువుతోంది. "గట్టిగా చదవవే, నేనూ వింటా" అన్నాను.

మీరూ ఇంట్లో పెద్దవాళ్లకు ఓ నవల చదివి వినిపించండి. పుస్తకం మూశాక వాళ్లు చెప్పేది తప్పకుండా వినండి.